తాగునీరు అని రాసిన బండి

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు బయమ్మ అరిచింది. గుమ్మఘట్ట నుంచి బెళుగుప్ప పోయే రోడ్డు పక్కన, టీ అంగడి ముందు, పదిమంది చూస్తుండగా అరిచింది. ఎదురుగా తన రేకుల షెడ్డులో ట్రాక్టరు ట్రాలీకి నంబరు రాస్తున్న పెయింటర్ అతావుల్లా చేతిలో కుంచె ఆ అరుపుకు తొమ్మిదంకె మీద నుంచి కిందికి జారిపోయింది.

ఆ రోడ్డు మీద ఒక వాడుక ఉంది. ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు టీ అంగడి దగ్గర ఆగిందంటే, డ్రైవరు టీ తాగి వచ్చేలోపు కాలనీ ఆడవాళ్ళు వెనక వాల్వు కాస్త తిప్పి తలా ఒక బిందె పట్టుకుంటారు. డ్రైవరు అటు తిరిగి కూర్చుంటాడు. కాలనీ బోరు మార్చిలోనే ఎండిపోయింది మరి, ఏం చేస్తారు? దీన్ని దొంగతనమని ఆ రోజుదాకా ఒక్కడు కూడా అనలేదు.

ఆ రోజు అందరికంటే ముందు బయమ్మే వచ్చింది. పొద్దున తాగగా మిగిలిన చెంబెడు నీళ్ళు పారబోయడానికి మనసు రాక బిందె అడుగున అట్లే ఉంచుకుంది. ఆ బిందె వాల్వు కింద పెట్టి, ముఖం వంచి చూస్తూ చక్రం అర తిప్పు తిప్పింది. చిక్కగా ఏదో జారింది. అడుగున ఉన్న నీళ్ళకు అది తగలడమే ఆలస్యం, బిందెలో సలసల మరిగి, ఎగజిమ్మి ముఖమంతా కొట్టింది.

"ముట్టుకోవద్దండమ్మా! నీళ్ళు కాదు, యాసిడ్! అయ్యో దేవరా!" టీ గ్లాసు విసిరేసి పరుగెత్తుకొచ్చాడు డ్రైవరు తిప్పేష్.

అతావుల్లా రోడ్డు దాటి వచ్చేసరికి బయమ్మ నేల మీద పొర్లుతోంది. టీ అంగడి డ్రమ్ములో సగమే నీళ్ళున్నాయి. అవి ఆమె ముఖం మీద పోశారు. చాలలేదు. అప్పుడు కాలనీ ఆడవాళ్ళు ఇళ్ళకు పరుగెత్తారు. వంటకని దాచుకున్నవి, పసిబిడ్డలకని మూత పెట్టుకున్నవి, ఇంట్లో ఎన్ని ఉంటే అన్నీ తెచ్చి ఒక్క మనిషి ముఖం మీద కుమ్మరించారు. ఆ సాయంత్రం కాలనీలో ఏ పొయ్యీ వెలగలేదు.

ఫోన్లు తీసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళందరూ కాలిన ముఖాన్ని తీశారు తప్ప, ఆ బండి మీద ఏం రాసి ఉందో ఒక్కడూ తీయలేదు. ట్యాంకు పొడవునా బారెడేసి నీలం అక్షరాలు: తాగునీరు. అక్షరాల కింద ఒక అల. అల పక్కన నిండు బిందె బొమ్మ, అంచు మీద నుంచి రెండు చుక్కలు తొణుకుతూ.

రాసినవాడు అతావుల్లా. బిందె గీసిందీ అతావుల్లానే. తన చేతి పనిని తానే చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

ఇరవై రోజుల కిందట కాంట్రాక్టర్ హరినాథ్ ఆ ట్యాంకరును షెడ్డుకు తెచ్చినప్పుడు దాని మీద వేరే పలక ఉండేది. మూలమీద నిలబెట్టిన చదరం, పైసగం తెలుపు, కిందిసగం నలుపు. తెల్లసగంలో రెండు గొట్టాల నుంచి చుక్కలు పడుతుంటాయి. ఒకటి ఇనుము మీద, ఒకటి మనిషి చేతి మీద. రెండూ తినేసినట్టు గుంటలు పడి ఉంటాయి. పక్కన 1830 అని నంబరు. సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు దేశదేశాల్లో అదే నంబరు.

"ఇది తుడిచేసి తాగునీరని రాయప్పా," అన్నాడు హరినాథ్.

"ఏందన్నా, దీన్ని తుడవొచ్చునా? రూలుండాది గదా."

"రూలుండాది కాబట్టే తుడవమంటాండా. ఆ బొమ్మ ఉంటే ప్రతి చెక్‌పోస్టులోనూ ఆపుతారు. ట్రైనింగయిన డ్రైవరు కావల్ల, ఊళ్ళ నడుమ పోకూడదు, ఆ కాగితం, ఈ కాగితం. నీళ్ళ బండిని ఈ సీమలో, ఈ ఎండల్లో, ఎవడన్నా ఆపుతాడా చెప్పు?"

తెలివంటే అదీ! ప్రజల దప్పికను చాటు చేసుకుని విషం తోలే తెలివి. హరినాథ్‌కు అట్లాంటి బండ్లు ఆరు ఉన్నాయి. ఆరింటికీ అతావుల్లానే రాశాడు. పని లేక మూడు నెలలుగా కుంచెలు ఎండబెట్టుకున్న మనిషి, రాశాడు. అయితే బిందె బొమ్మ వేయమని హరినాథ్ చెప్పలేదు. ఉత్త అక్షరాలు బోసిగా ఉన్నాయని, చదువు రానివాళ్ళకు కూడా తెలుస్తుందని, ముచ్చటపడి తానే వేశాడు.

బయమ్మకు చదువు రాదు.

మూడో రోజు పొద్దున అనంతపురం ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. ఎడమ కన్ను పోయింది. కుడి కన్నుకు డాక్టర్లు మాట ఇవ్వలేదు. అదే పొద్దున పోలీసులు బయమ్మ మీద కేసు రాశారు: ఆగి ఉన్న ట్యాంకరు వాల్వు తెరిచి దొంగతనానికి ప్రయత్నం. కన్ను పోయింది ఆమెకు, దొంగ అయింది ఆమే! మీరు ఎన్ని పుస్తకాల్లో న్యాయం గురించి చదివినా, ఆ కాగితం మీద రాసిన న్యాయం మాత్రం ఇది.

పట్టుకున్న బండిని పోలీసులు హరినాథ్ చేతికే ఇచ్చి పంపారు. తిప్పేష్ దాన్ని నేరుగా అతావుల్లా షెడ్డుకు తోలుకొచ్చాడు. వెనకే కారులో హరినాథ్.

"రేపు ఆఫీసర్లు తనిఖీకి వస్తాండారు," అన్నాడతను, కారు దిగకుండానే. "సాయంత్రానికి తాగునీరు పోవల్ల. పాత పలక మళ్ళా రావల్ల. కొత్తగా కనపడకూడదు, ఎండకు ఎండినట్టు, రెండేండ్ల నాటిదైనట్టు ఉండల్ల. ఆ పని నీకు తప్ప ఎవరికీ రాదు."

అతావుల్లాకు సంగతి అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. పలక ఉండగానే, చూసి కూడా ఆడమనిషి వాల్వు తిప్పిందని చెప్తారన్నమాట. తప్పంతా బయమ్మ నెత్తిన పోతుంది.

"నాకు చేతులు రావడం ల్యాదన్నా."

"చేతులు రాకపోతే కాళ్ళు ఈడ్చుకుంటా జైలుకు పోతావ్. రాసింది ఎవరు? నువ్వు. నేను రాయమన్నట్టు యాడన్నా కాగితముందా?" హరినాథ్ అద్దం పైకెత్తుకున్నాడు. కారు పోయింది.

షెడ్డు వెనక నుంచి రంజాన్ బీ అంతా విన్నది. "రాసేయ్ అయ్యా," అంది భర్త చొక్కా పట్టుకుని. "వాళ్ళతో మనకెందుకు? ఒక్క పలక. రాసి చేతులు కడుక్కో."

"అది రాస్తే ఇంక ఏం పోసి కడిగినా పోదే," అన్నాడు అతావుల్లా. చొక్కా విడిపించుకుని కాలనీ దారి పట్టాడు. ధైర్యంతో పోలేదు ఆ మనిషి, ఇంక ఎటూ పోయే దారి లేక పోయాడు.

బయమ్మ ఇంటి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. బయమ్మ కూతురు నిఖిత డిగ్రీ చదువుతోంది, ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చింది. అతావుల్లా గుంపు నడుమ నిలబడి, దాచకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. పలక తుడిచింది తానేనన్నాడు. హరినాథ్ ఇప్పుడు ఏం రాయమన్నాడో చెప్పాడు.

"బిందె కూడా నువ్వే ఏసినావా?" అడిగింది నిఖిత.

"నేనే అమ్మా. ఎవ్వరూ అడగలేదు. నేనే ఏసినా."

"మాయమ్మకు అక్షరం రాదు. ఆ బిందె చూసి పోయింది."

రామసుబ్బమ్మ అని ఆ కాలనీలో అందరికీ పెద్ద దిక్కు. ముందుకొచ్చి అతావుల్లా చెంప చెళ్ళుమనిపించింది. "థూ, నీ చేతులు పడిపోను! మా నోట్లో విషం పోయడానికి దుడ్లు తీసుకున్నావా?"

"తీసుకున్నా," అన్నాడు తల వంచుకుని. "ఇంగొకటి కూడా కొట్టు పెద్దమ్మా. కొట్టి, ఆ బండి కాడికి రాండి. ఆ అక్షరాలు పోతే సాక్ష్యం పోతాది."

అప్పుడు మొదలైంది వాదన. పోలీసులు వాళ్ళ పక్కే గదా అన్నారు కొందరు. ఈ సాయిబు మళ్ళీ మనల్ని అమ్మేస్తాడన్నారు ఇంకొందరు. "ఫోటో తీసి పెట్టుకుంటే చాలదా?" అని ఒకామె అంది.

"ఫోటో మార్చినారంటారు," అంది నిఖిత కళ్ళు తుడుచుకుని. "బండే ఉండల్ల. రూలు ప్రకారం ఆ పలక మూడు పక్కలా ఉండల్ల. పేరు, నంబరు, ప్రమాదమైతే చేయాల్సిన ఫోనూ, అన్నీ ఉండల్ల. చదువు రానోళ్ళ కోసమే ఆ కాలిన చెయ్యి బొమ్మ పెట్టినారు. మాయమ్మ కోసం పెట్టిన బొమ్మను తుడిచేసి మాయమ్మను దొంగంటాండారు. నేనైతే పోయి ఆ బండి కింద పండుకుంటా. వచ్చేవాళ్ళు రాండి."

రామసుబ్బమ్మ కొంగు దోపుకుంది. "నడవండే, చూస్తారేంది!"

నలభై మంది ఆడవాళ్ళు ఎర్రటి ఎండలో వచ్చి ట్యాంకరు చుట్టూ ఖాళీ బిందెలు పరిచి కూర్చున్నారు. డ్రైవరు తిప్పేష్ క్యాబిన్‌లోనే ఉన్నాడు. "ఏమప్పా, నువ్వు యా పక్క?" అని అరిచింది రామసుబ్బమ్మ.

"నాకు ఇద్దరు బిడ్డలమ్మా. ఈ బండి తోలే ట్రైనింగే నాకు ల్యాదు. నోరు తెరిస్తే నన్నే పడేస్తారు."

"తెరవకపోతే పడేయరా? రేపు నీ మీద ఒలికితే నీ పెండ్లానికి కూడా నీళ్ళని చెప్తారు," అన్నాడు అతావుల్లా.

తిప్పేష్ స్టీరింగు వదిలేశాడు. తర్వాత దిగి, తాళంచెవి తెచ్చి నిఖిత చేతిలో పెట్టాడు. ఫోన్ తీసి, తక్కిన అయిదు బండ్ల డ్రైవర్లకు ఒక్కొక్కరికే చెప్పడం మొదలుపెట్టాడు. కొందరు తిట్టి పెట్టేశారు. మళ్ళీ చేశాడు.

మూడు గంటలకు హరినాథ్ వచ్చాడు. వెంట కళ్యాణదుర్గం నుంచి ఇంకొక పెయింటరు, జీపులో ఎస్సై, నలుగురు కానిస్టేబుళ్ళు. ఆ పెయింటరు బండినీ, ఖాళీ బిందెల వరుసనూ, అతావుల్లా చెంప మీద తేలిన వేళ్ళ గుర్తులనూ చూశాడు. రంగు డబ్బా కింద పెట్టేశాడు. "నాతో కాదు సార్. మా ఇంట్లో కూడా బిందెలుండాయి," అన్నాడు.

ఎస్సైకి రోషమొచ్చింది. "బండి మీద అబద్ధం రాసినవాడెవడు?"

"నేనే సార్," అన్నాడు అతావుల్లా. "రాయించినవాడు ఆ కారులో ఉండాడు. ఇద్దరి పేర్లూ రాసుకోండి."

"ముందు నువ్వెక్కు."

ఇద్దరి పేర్లు చెప్తే ఒక్కరినే జీపెక్కించారు. ఆడవాళ్ళు జీపుకు అడ్డం పడ్డారు. లాఠీలు లేచాయి. రామసుబ్బమ్మ భుజం మీద దెబ్బ పడింది. ఖాళీ బిందెలు రోడ్డంతా దొర్లాయి. ఆ గొడవలోనే నిఖిత ఫోన్ మోగింది, ఆస్పత్రి నుంచి. విని, ఆ పిల్ల రోడ్డు మీదే కూలబడింది.

"రెండో కన్ను కూడా పోయిందంట," అంది.

నలుగురు కానిస్టేబుళ్ళలో ఒకడు లాఠీ దించేశాడు. జీపులో అతావుల్లా బేడీలు పడిన చేతుల్లో ముఖం పెట్టుకుని బిగ్గరగా ఏడ్చాడు. ఆ చేతులకు నీలం రంగు ఇంకా పూర్తిగా పోలేదు.

జీపు పోయింది. అయితే ఎంతో దూరం పోలేదు. కిలోమీటరు దాటగానే రోడ్డు నిండా బండ్లు ఆగి ఉన్నాయి. హరినాథ్ ట్యాంకర్లు, ఒకటి కాదు, మూడు. డ్రైవర్లు దిగి పక్కన నిలబడ్డారు. మిగిలిన రెండు రాలేదు, రాలేదనే చెప్పుకోవాలి. ఎస్సై దిగి హారన్ల నడుమ అరవసాగాడు. ఇంతలో, షెడ్డు దగ్గరి బండికి కొందరిని కాపలా ఉంచి, వెనక నుంచి పొలాలకడ్డంపడి ఆడవాళ్ళు వచ్చేశారు. అందరికంటే ముందు రంజాన్ బీ. పొద్దున చేతులు కడుక్కోమన్న మనిషే, షెడ్డులోని తెల్లరంగు డబ్బా, నల్లరంగు డబ్బా, భర్త కుంచెలన్నీ కొంగులో మూటగట్టి తెచ్చింది.

"షెడ్డు కాడి బండిని ముట్టుకోవద్దండి, అది సాక్ష్యం," అంది నిఖిత. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కుంచె తీసుకుంది. "వీటి మీద రాద్దాం. ఇంగొకమ్మ పోకూడదు."

జీపులోంచి అతావుల్లా చూస్తున్నాడు. ముప్ఫై ఏండ్లుగా గీత వంకర పోతే నిద్రపట్టని మనిషి. నిఖిత గీసిన చదరం ఒక పక్కకు ఒరిగింది. తిప్పేష్ రాసిన 1830లో ఎనిమిది పొట్ట పగిలింది. రామసుబ్బమ్మ దెబ్బ తిన్న భుజంతోనే మనిషి చెయ్యి గీసింది. ఆ చేతికి ఆరు వేళ్ళు. అయినా దూరం నుంచి చూసినవాడికి, చదువు రానివాడికి, ఆ చెయ్యి కాలిపోతోందని తెలుస్తూనే ఉంది.

ఎస్సై విసురుగా జీపెక్కి, పక్క మట్టిలోంచి పోనిమ్మన్నాడు. జీపు ట్యాంకర్ల పక్కగా పోతుండగా అతావుల్లా బేడీలతోనే లేచి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"పచ్చి రంగు! రెండు గంటలన్నా ఎండల్ల!" గొంతు చించుకుని అరిచాడు. "ఎండేదాకా బండి కదలనీయొద్దండమ్మా!"

"కదలనీయం పో!" అన్నారు ఆడవాళ్ళు. అని, చక్రాల ముందు వరుసగా కూర్చున్నారు.