వాయునాళమునకు గంధము

శరత్కాల మేఘశకలములు తొలియెండకు అంచులు పచ్చబారి ఎఱ్ఱమల కొండలపై నిలుచుటయో కరగుటయో నిశ్చయింపలేక తిరుగాడుచుండ, మంచున దడిసిన వేరుసెనగ చేల పరిమళము నేలనంటి ప్రాకుచుండ, పిచ్చుకలు గుంపులు గుంపులుగా చేనినుండి చేనికి వాలుచుండ, విజయదశమీ పర్వదిన ప్రభాతము కర్నూలు సీమ మెట్టభూములపై ప్రశాంతముగా విచ్చుకొనెను. ఆ మెట్టల నడుమ నల్లని తారుబాట యొకటియు రేకుల కప్పుగల విమానశాల యొకటియు గాలివాటు దెలుపు గుడ్డగొట్టము వ్రేలాడు స్తంభమొకటియు గల చిన్న విమానాశ్రయమున్నది. ఇద్దఱికి మాత్రమే చోటుగల మూడు చిన్న విమానములతో అచ్చట విమానచోదనము నేర్పుదురు.

ఆ విద్యాలయమునకు ప్రధానాచార్యుడు మాడభూషి వరదాచార్యులు. ముప్పది యేండ్లు సైనిక విమానములు నడిపి తలనెరసి కంటిచూపు కొంత మందగించినను కంఠస్వరము మాత్రము మందగింపని మనుష్యుడు. ప్రతి సోమవారమును శిష్యులను నేలపై కూర్చుండబెట్టి, ఇంధనమున నీరు చేరియుండుటను గమనింపక యెగిరి కూలినవారి కథలును ఇంధనము చాలునని భ్రమించి చేలలో దిగినవారి కథలును దిగునపుడు వేగము చాలకుండ మలుపు తిరిగి పల్టీకొట్టినవారి కథలును చెప్పి, ఆకాశమెవ్వరిని చంపదనియు నేలపై మఱచినదే పైకెక్కి చంపుననియు ముగించును. ఇంకొక మాటయు నాయన నిత్యము చెప్పుచుండును. ఆకాశమున దేహము అబద్ధమాడును, గాజుబిళ్ళలోని ముల్లు నిజము చెప్పును, కావున మీ కడుపులోని భయమును గాక ముల్లునే నమ్ముడనునది యా మాట.

ఆ శిష్యులలో నాగవేణి యను పందొమ్మిదేండ్ల కన్య బేతంచెర్ల నాపరాతి గనులలో రాళ్ళు చీల్చు కూలివాని కూతురు. గురువు చెప్పినది చెప్పినట్లు చేయుటలో నామెకు సాటి లేదు. తోడెవ్వరును లేక ఒంటరిగా నెగురు తొలి విమానయానము ప్రతి శిష్యునికిని పరీక్షయే గాన శుభదినమని యెంచి వరదాచార్యులు విజయదశమీ ప్రభాతమును ఆమెకు నిర్ణయించెను.

అంతకు ముందటిదినము మహానవమి. ఆయుధపూజనాడు లారీలకును మగ్గములకును కొలుములకును బొట్టుపెట్టు దేశమున విమానములకు మాత్రమేల మానవలె? మెకానిక్కు దస్తగిరి మూడు విమానములను కడిగి తుడిచెను. మామిడాకులు కట్టిరి. చక్రముల క్రింద నిమ్మకాయలుంచిరి. వరదాచార్యులు స్నానముచేసి గంధమును పసుపును నీటితో కలిపి గిన్నె చేతబట్టుకొని విమానముల ముక్కులకును రెక్కలకును తోకలకును స్వహస్తమున బొట్లు పెట్టెను. ఎడమ రెక్క క్రింద ముందునకు చూచుచు చిటికెనవ్రేలంత లావున నొక వాయునాళముండును. ఎదురుగాలి దానిలోనికి చొచ్చి చూపు ఒత్తిడినిబట్టియే విమానవేగమును దెలుపు ముల్లు కదలును. పూజ కొఱకు దాని గుడ్డతొడుగు తీసియుండిరి. విమానమునకు శ్వాస తీయు ముక్కు వంటిది గదాయని మురిసి ఆచార్యుడు దానికిని గంధమలదెను. పలుచని గంధము జాఱి నాళముఖమునందును క్రిందనున్న నీరు కాఱు సూక్ష్మరంధ్రమునందును చేరి తెల్లవాఱుసరికి సున్నమువలె గట్టిపడెను. మందగించిన యాయన కన్ను దానిని చూడలేదు.

పూజాచిహ్నములను దశమినాటి తొలి విమానము దిగువఱకు తుడువరాదనుట ఆ విద్యాలయపు ఆచారము. నాడు నాగవేణి చూడవలసినవాని పట్టిక గల కాగితము చేతబట్టి విమానమును చుట్టివచ్చుచు చక్రములు చూచెను. ఇంధనము గాజులోనికి వంపి నీరులేదని కనుగొనెను. ఎడమ రెక్క క్రింద క్షణమాత్రము నిలిచెను. ఎందులకు నిలిచితివని అప్పుడెవ్వరును అడుగలేదు.

ఆమె విమానమెక్కి బాటపై పరుగిడజేసెను. వేగసూచిలోని ముల్లు సున్నవద్దనే యుండెను. ఇది చూచి యాగవలసినది. కాని యా విమానపు ముల్లు సోమరియనియు అద్దముపై వ్రేలితో తట్టినగాని లేవదనియు దస్తగిరి మొదలు ఆచార్యునివఱకు అందఱు నెఱుగుదురు. ఎఱిగియు బాగుచేయింపక అలవాటుపడిరి. లోపమునకు అలవాటుపడిన చోట లోపము కనబడుట మానును. గురువు తట్టుటను నూఱుమాఱులు చూచిన యా శిష్యురాలు తానును తట్టెను. ఇంతలో చక్రములు నేలవిడిచెను. నూఱడుగుల యెత్తున ముల్లు నిజముగానే కదలగా ఆమె గుండె కుదుటపడెను.

అయ్యో, అది కదలినది వేగమువలన గాదు. మూతపడిన నాళములో నేలపైగాలి చిక్కుకొనియుండ వెలుపలి గాలి యెత్తుతో పలుచబడుచుండుటచే విమానమెంత పైకెక్కిన ముల్లంత పైకెక్కుచుండెను. అరువదియైదు చూపవలసినచోట నూఱు చూపెను. నూట ఇరువది చూపెను. ఎఱ్ఱగీతను సమీపించెను. ఆ గీత దాటిన రెక్కలు విఱుగునని గురువు చెప్పియుండెను. కావున వేగము తగ్గించుటకై యామె ముక్కు నింకను పైకెత్తెను. ఎత్తినకొలది ముల్లు పెరిగెను.

స్తంభము క్రింద చేతిరేడియో పట్టుకొని నిలుచున్న వరదాచార్యులు నింగికి లేచిన యా ముక్కును చూచి నివ్వెఱపోయెను. ఆంగ్లముననే మాటలాడవలెనను నిబంధన గల యా రేడియోలో నాగవేణి కంఠము తన తల్లిభాషను వెదకికొనెను.

"సార్, వేగం నూటముప్పై దాటింది. ముక్కెత్తినా తగ్గల్యా."

ఆచార్యుని చూపు రేడియో పట్టుకొనిన తన చేతిపై పడెను. గోళ్ళ సందున పసుపు ఇంకను మిగిలియుండెను. ఒక్క క్షణములో ఆయనకు సమస్తము తెలిసెను. ఇన్నాళ్ళుగా తాను శిష్యులకు చెప్పిన కథలన్నిటిలో ఇదియొక్కటి లేకపోయెనే యని యాయన హృదయము కుమిలిపోయెను.

"ముక్కు దించమ్మా! ఇప్పుడే దించు," అనునంతలో విమానము గడగడ వణకి యెడమరెక్క వ్రాలి తిరుగుచు క్రిందికి జాఱెను. ఎనిమిదివందల యడుగుల యెత్తునుండి జాఱుచున్న కొలది వేగము పెరుగుచుండ ముల్లు మాత్రము తగ్గుచు వచ్చెను. కుడిపాదపు మీటను త్రొక్కుమనియు ముక్కును దించు చేతికఱ్ఱను ముందునకు త్రోయుమనియు ఆచార్యుడఱచుచుండెను. దస్తగిరి చేతిలోని గుడ్డను నోటిలో క్రుక్కుకొని కన్నులు మూసికొనెను. మూడువందల యడుగుల యెత్తున విమానము నిలద్రొక్కుకొని మెల్లమెల్లగ తిరిగి లేచుచుండగా ఆ మెట్టపై మఱల శ్వాసశబ్దములు వినబడెను.

బ్రతికినది. కాని దిగవలెను. దిగునపుడు ముల్లు సున్నకు పడిపోవును. అప్పుడామె వేగము చాలదని బెదరి ముక్కు దించెనా నేలను ఢీకొనును. పైకి లేచునపుడు ముల్లు భయపెట్టినదని మఱల ముక్కెత్తెనా ఈమాఱు తిప్పుకొనుటకు ఎత్తు లేదు. ముల్లును నమ్మకుమని చెప్పవలెను. తాను రెండేండ్లు నూఱిపోసిన యొక్క మాటను ఒక్క నిమిషములో కడిగివేయవలెను.

"నాగవేణీ, ఇక ఆ ముల్లు చూడొద్దు. అది అబద్ధం చెబుతోంది."

రేడియోలో సన్నని కంఠము వినబడెను.

"ముల్లే నిజమంటిరి గదా సార్. ఇప్పుడు దేన్ని నమ్మల్ల? ముల్లునా, మిమ్మల్నా?"

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకంటె ప్రాణము విడుచుట సులభమని వరదాచార్యులకు తోచెను. ఆజ్ఞాపించిన నమ్మదు. బుజ్జగించిన నమ్మదు. నిజము చెప్పిన నమ్మునేమో. ఆ నిజము తన జీవితకాలపు గౌరవమును నేలగలుపును.

"తప్పు నాదమ్మా. నిన్న ఆ గొట్టానికి గంధం పెట్టింది నేనే. అది మూసుకుపోయింది. నీ కన్నూ నీ చెవీ బాగున్నాయి, వాటిని నమ్ము."

అటుపిమ్మట నాయన పలికినదంతయు పాఠమే. ఇంజనుపై కప్పునకును దిగంతరేఖకును నడుమ నాలుగువ్రేళ్ళ యెడముంచుమనెను. ఇంజను తిరుగుళ్ళు దెలుపు గడియారమునకు గంధము లేదు గాన దానిని పదునైదువందలకు తెచ్చి రెక్కలపై గాలిచప్పుడు వినుమనెను. చప్పుడు సన్నగిల్లిన ముక్కు దించుమనియు కీచుమన్న ఎత్తుమనియు చెప్పెను. ఆమె వలయము తిరిగి బాట కెదురుగా వచ్చెను.

మూడువందల యడుగులు. ముల్లు ఎనుబది చూపెను. నూఱడుగులు. నలువది. విమానములు కూలు అంకె యది.

"సార్, పడిపోతాండా."

"పడటం లేదు. చప్పుడు విను. నువ్వు దిగుతున్నావు."

ఆమె గురువు మాట సగము నమ్మి భయమును సగము నమ్మెను. ముక్కు దించియుంచి మిక్కిలి వేగముతో బాట నడుమ చక్రములు తాకించెను. విమానమెగిరిపడెను. మఱల తాకెను. బాట ముగిసి వేరుసెనగ చేనిలోనికి దూసికొనిపోయి యెఱ్ఱమట్టిలో ముందు చక్రము గ్రుచ్చుకొని ముక్కుపై నిలిచి తుదకు ప్రక్కకొఱగెను. పంకా వంగిపోయెను. దుమ్ము అడగునంతవఱకు ఏమియు కనబడలేదు.

దస్తగిరి ముందు పరుగెత్తెను. వరదాచార్యులు రెండుమాఱులు పడి లేచి చేరుసరికి నాగవేణి చేనిలో కూర్చుండి విఱిగిన యెడమచేతిని కుడిచేత పట్టుకొనియుండెను. కనుబొమపై నెత్తురు. దస్తగిరి వంగి నాళమును చూచి కొనగోటితో గీకగా పచ్చని గట్టి పెళ్ళ యూడివచ్చెను. వాడు దానిని అరచేతిలో నుంచుకొని పెద్దాయన వంకను చూడలేక నేలచూపులు చూచెను.

చుట్టి వచ్చునపుడు దానిని చూడలేదాయని వరదాచార్యులు మెల్లగా నడిగెను. నిందించుటకు గాదు. చూడలేదనిన తన కంటివలెనే యామె కన్నును మోసపోయినదని కొంత తేలికపడవచ్చునను స్వార్థముతో నడిగెను. మనుష్యుడు కూలిపోవునపుడు కూడ చేతికందిన కొమ్మ పట్టుకొనజూచును.

"చూసినా సార్," అనెను నాగవేణి. "తుడుద్దామని చెయ్యి కూడా ఎత్తినా. మీరు పెట్టిన బొట్టు గదా, నేనెట్లా తుడిచేది అని వదిలేసినా."

ముల్లును నమ్ముమని నేర్పినవాడు గురువు పెట్టిన బొట్టుకన్న తన కన్నునే నమ్ముమని ఆమెకు నేర్పుట మఱచెను. ఆ చేనిలోనే మోకాళ్ళపై కూలబడి పెద్దగా నేడ్చెను.

విచారణకు వచ్చిన యధికారులు ప్రమాదకారణమను గడిలో విద్యార్థి దోషమని వ్రాయుటకు కలము తెరచిరట. చుట్టి చూచునపుడు నాళమును పరీక్షింపమి, పరుగున ముల్లు కదలనపుడు ఆగమి, రెండును శాసనరీత్యా విద్యార్థి దోషములే. వరదాచార్యులు వారి చేతినుండి కలమందుకొని తన పేరును తన తప్పును స్వహస్తమున వ్రాసి, సోమరి ముల్లు సంగతియు దాచక వ్రాసి, క్రింద సంతకము చేసెను. ఆయన గురుత్వాధికారము నాటితో తొలగెను.

ఇరువది దినముల పిమ్మట సెలవు తీసికొనుటకై యాయన విమానశాలకు రాగా నాగవేణి కట్టుగట్టిన చేతిని మెడనుండి వ్రేలాడదీసికొని మిగిలిన రెండు విమానముల నడుమ నిలుచుండెను. ఆ రెంటి నాళములకును ఆయన పెట్టిన గంధము ఇంకను అట్లే యుండెను. విచారణ ముగియువఱకు విమానములు కదపవద్దనిరి. ముగిసిన పిమ్మటను తుడుచుటకు ఎవరికిని చేతులు రాలేదు. వరదాచార్యులు తడిగుడ్డ నొకదానిని బకెట్టులో పిండి తాను తుడువక ఆమెకందిచ్చెను. ఆమె వెనుకాడెను. ఆయన చేయి చాచియే యుండెను.

ఎట్టకేలకు నాగవేణి గుడ్డ నందుకొని గురువు కన్నులయెదుటనే గురువు పెట్టిన బొట్టును ఒక్క చేతితో రుద్ది రుద్ది తుడిచెను. నాళముఖము తేటపడగా వంగి ఒక కన్ను మూసి లోనికి చూచెను. పిదప రెండవ విమానమువద్దకు నడచెను. ఈమాఱు వెనుకాడలేదు. గురువు తనకు నేర్పవలసిన తుది పాఠమును గురువు చేతిగుర్తును చెఱిపియే నేర్చుకొనవలసివచ్చిన యా శిష్యురాలి గుడ్డనుండి పచ్చని నీరు బొట్లుబొట్లుగా సిమెంటు నేలపై రాలుచుండెను.