సొట్టబుగ్గ తొలి మాట

ఆ పిల్ల చేతులు కట్టింది కన్నతల్లే.

వినపడని పిల్లల సర్కారు బడిలో ఆమె వంటమనిషి. పెద్దా చిన్నా అందరూ వంటక్క అంటారు. పిల్లలు సైగలు మానేసి నోటితో మాట్లాడాలని కొత్త డైరెక్టరు పథకం పెట్టాడు. పేరు నోటిమాట. సైగలు నేర్పేవాళ్లను ఇంటికి పంపేశాడు. క్లాసు మొదలయ్యేముందు పిల్లల చేతులు వెనక్కి పెట్టించి గుడ్డపట్టీలతో అమ్మలనే కట్టమన్నాడు. ఆ పట్టీలు కుట్టింది కూడా ఆ పిల్లలే, కుట్టుపని క్లాసులో. అవి దేనికో వాళ్లకెవరూ చెప్పలేదు.

వంటక్క తన కూతురికి తనే కట్టింది. నొప్పి పుట్టకుండా కట్టింది. "ఒక్కసారి అమ్మా అనవే, చాలు. తర్వాత నీ ఇష్టం," అంది, దానికి వినపడదని తెలిసీ. ఆ పిల్ల నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. బుగ్గ మీద వేలు పెట్టి తిప్పితే, ఆ బడిలో దాని పేరు పిలిచినట్టు. సొట్టబుగ్గ. ఆ రోజు పొద్దున అది నవ్వలేదు. తల్లికది పట్టలేదు.

తల్లికి వచ్చిన సైగలు నాలుగే. తిను, పడుకో, రా, వద్దు. బజార్లో చేతులు ఊపితే నలుగురూ చూస్తారని మిగతావి నేర్చుకోలేదు.

కూరలు తరుగుతుంటే క్లాసులోంచి కేక వినబడింది. కూతురి గొంతు. పురిటి ఏడుపు తర్వాత అంత గట్టిగా ఆ గొంతు ఆమె వినలేదు. కత్తి వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

ముందు వరసలో సొట్టబుగ్గ నోరంతా తెరిచి అరుస్తోంది. "ఆఁ, అలాగే. ఇంకొంచెం గట్టిగా," అంటోంది టీచరమ్మ. డైరెక్టరు ఫోను ఎత్తిపట్టి రికార్డు చేసుకుంటున్నాడు. "చూశారా? చెయ్యి ఆగితే నోరు లేస్తుంది. నాయకత్వం అంటే ఇదీ. జాలిపడితే ఫలితాలు రావు."

పిల్ల కిటికీ వైపు చూసింది. కళ్లనిండా నీళ్లు. తల్లి కళ్లలోనూ నీళ్లే. వంటక్క చేతులెత్తి చప్పట్లు కొట్టింది.

క్లాసు అయ్యేలోపే పిల్ల బెంచీ మీంచి జారిపడింది. పట్టీ విప్పేసరికి ఒళ్లు కాలిపోతోంది. కడుపులో పేగు చీముపట్టి పగిలిందన్నాడు ఆస్పత్రి డాక్టరు. "ఇంతసేపు ఏం చేస్తున్నారమ్మా? పిల్ల చెప్పలేదా?"

తెల్లారేలోపు పోయింది.

డైరెక్టరు ఇంటికొచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విప్పి మరీ లోపలికొచ్చాడు. "ఇంటి దగ్గర్నుంచే జబ్బుగా ఉందని చెప్పు వంటక్కా. పోయిన పిల్ల ఎలాగూ తిరిగి రాదు. నీ ఉద్యోగం పర్మనెంటు చేయించే పూచీ నాది." ఆమె తల ఊపింది. ఏ మాటకి ఊపిందో ఆమెకే తెలీదు. దిక్కులేక మళ్లీ పనిలోకి వెళ్లింది.

బడిలో సభ ఏర్పాట్లు జరుగుతున్నాయి. మంత్రి వస్తున్నాడు. డైరెక్టరుకు సమర్థ నాయకుడని బహుమానం. నోటిమాట ఇకమీదట అన్ని బళ్లలోనూ అమలు చేస్తారని ప్రకటన.

వంటక్క కూర కలుపుతోంది. హాల్లోంచి కూతురి కేక వినబడింది.

గరిటె జారిపోయింది. పరిగెత్తుకెళ్లి చూస్తే హాల్లో మైకు సెట్టువాడు ఒక్కడే ఉన్నాడు. "భయపడ్డావా అక్కా? ఉత్త రికార్డింగే. పథకంలో తొలి మాటట. సభలో వినిపించమన్నారు సారు."

ఆ మధ్యాహ్నం ఆమె పొయ్యి ఆర్పేసి అందర్నీ వంటగదిలోకి పిలిచింది. పెద్ద క్లాసు పిల్లలు, కొందరు అమ్మానాన్నలు వచ్చారు. పుట్టు చెవుడుతో ఆ బళ్లోనే చదివి అక్కడే కుట్టుపని నేర్పుతున్న కుట్టుటీచరు వచ్చింది. పిల్లల సైగల్ని మాటల్లో పెట్టి చెప్పడానికి, సైగలు తెలిసిన క్లాసు టీచరమ్మ కూడా వచ్చింది, గుమ్మం దగ్గరే నిలబడింది.

పెద్ద క్లాసు అమ్మాయి చేతులు విసురుగా కదిలాయి. టీచరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. "ఆ రోజు దాని వెనక వరసలో మేమే కూర్చున్నాం. వెనక్కి కట్టిన చేతులతోనే అది మాకు..." ఆగిపోయింది.

"చెప్పు," అంది వంటక్క. "నోరున్నదానివి నువ్వే కదా ఇక్కడ."

"కడుపు నొప్పి, కడుపు నొప్పి అని చేతులతో చెప్తూనే ఉందట. వీళ్లంతా చూశారట. మాకు చెప్దామంటే వీళ్ల చేతులూ కట్టేసి ఉన్నాయి. మేమేమో... అరుపులే కదా కావాలన్నాం."

"నేను చప్పట్లు కొట్టాను," అంది వంటక్క. కుట్టుటీచరు వైపు తిరిగింది. "ఎలా చెప్తారు, కడుపు నొప్పిని?"

కుట్టుటీచరు ఎదురుగా వచ్చి నిలబడింది. కడుపు దగ్గర రెండు పిడికిళ్లూ బిగించి, తడిబట్ట పిండినట్టు మెలితిప్పింది. వంటక్క కూడా తిప్పింది. చేతులు ఆగలేదు. కుట్టుటీచరే పట్టుకుని ఆపింది.

"సభకి మా వాణ్ని పంపను," అన్నాడు లారీ డ్రైవరైన ఒక తండ్రి.

"బళ్లోంచి పేరు కొట్టేస్తే ఎక్కడికి తీసుకెళ్తావు? లారీలో వేసుకుని తిప్పుతావా?" అంది పక్కనున్న ఒక తల్లి.

కుట్టుటీచరు చేతులకి టీచరమ్మ గొంతు అరువిచ్చింది. "పంపకపోతే జ్వరాలొచ్చాయని చెప్పుకుంటాడు. వెళ్దాం. పట్టీలు కట్టుకునే వెళ్దాం. కట్టేది ఎలాగూ అమ్మలే. ముడి వెయ్యకండి, చుట్టి వదిలెయ్యండి. ఆ మైకు పెట్టెలోంచి చప్పుడొస్తే చెక్క వేదిక అదురుతుంది. అదే మాకు గుర్తు." టీచరమ్మ తన మాట కలిపింది. "నా ఉద్యోగం పోతుంది."

"నా పిల్ల పోయింది," అంది వంటక్క. "రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో."

సభలో మంత్రి దండలు వేయించుకున్నాడు. వేదిక మీద పిల్లలు చెప్పుల్లేకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని వరసగా నిలబడ్డారు. డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు మా పథకం తొలి మాట వినండి."

సొట్టబుగ్గ కేక హాలంతా నిండింది. జనం చప్పట్లు కొట్టారు.

పిల్లల అరికాళ్ల కింద చెక్క అదిరింది. పట్టీలు జారి పడ్డాయి. పిడికిళ్లన్నీ ఒక్కసారి కడుపుల దగ్గర మెలితిరిగాయి. నోళ్లు తెరుచుకున్నాయి. అదే కేక. ఆ గొంతులకి హెచ్చూ తగ్గూ తెలీదు, ఎక్కడ ఆపాలో తెలీదు. చప్పట్లు కొడుతున్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఆపండి, ఆపమంటున్నాను," అన్నాడు డైరెక్టరు మైకులో. ఆ పిల్లల్లో ఎవరికి వినపడుతుంది? చేతులు కట్టే బాధ్యత తనదే అన్నట్టు, పిల్లల పక్కన నిలబడ్డ కుట్టుటీచరు మణికట్లు పట్టుకుని వెనక్కి విరిచాడు.

వంటక్క వేదికెక్కి మైకు లాక్కుంది. "అది మాట కాదు. నా పిల్ల కడుపు నొప్పి. మీరిప్పుడు దానికి చప్పట్లు కొట్టారు. ఆ రోజు నేనూ కొట్టాను."

ముందు వరసలోంచి టీచరమ్మ లేచింది. పిడికిళ్లు కడుపు దగ్గర పెట్టి మెలితిప్పింది. లారీ డ్రైవరు లేచాడు. అమ్మలంతా లేచారు. మంత్రి పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. పోలీసులు ముందు తలుపులోంచి వచ్చారు.

వంటక్కనీ కుట్టుటీచరునీ వ్యానెక్కించారు. చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. "స్టేషను వచ్చేదాకా ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడకూడదు," అన్నాడు కానిస్టేబులు, వాళ్లను వీపుకి వీపు ఆనించి కూర్చోబెట్టి.

బయట పిల్లలు వ్యానుకి అడ్డంగా కూర్చున్నారు. ఒకణ్ని లాగేస్తే ఆ ఖాళీలో ఒక తల్లి కూర్చుంటోంది. పక్క కాలేజీ గేటు దగ్గర విద్యార్థులు ఏమిటేమిటని అడుగుతూ పిడికిళ్లు తిప్పి చూసుకుంటున్నారు.

వంటక్క అరచేతిలో కుట్టుటీచరు వేలు ఒక్కో అక్షరమే రాసింది. "తర్వాత ఏ బడి?"

వంటక్క వెనక్కి తడుముకుని ఆ చెయ్యి దొరకబుచ్చుకుంది. రాయడం మొదలుపెట్టింది. ఆ నాలుగు సైగలూ కాక, చేతులతో ఆమె సొంతంగా ఆడిన తొలి మాట అదే.

"అన్నీ."