మూరెడు దిగిన తీగ

ముప్పై తొమ్మిదో పట్టీని పిండి బకెట్టు అంచున వేసి పట్టీలమ్మ నీళ్లు మార్చింది. నెత్తురు అంటినవి వేరే బకెట్టులో చన్నీళ్లలో నానుతున్నాయి. వేడినీళ్లు తగిలితే ఆ మరక ఇక జన్మలో వదలదు. ఆ సంగతి ఆ బాక్సింగ్ హాల్లో ఆమెకు తప్ప ఎవరికీ పట్టదు. ఒక్కో పట్టీ అయిదు గజాల పొడవు, మూడు వేళ్ల వెడల్పు. గ్లౌజులు తొడుక్కునే ముందు కుర్రాళ్లు వేళ్ల కణుపులకూ మణికట్టుకూ చుట్టుకునేవి అవి. వాటిని ఉతికి, ఆరేసి, చుట్టి పెట్టడం ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తు.

చుట్టడంలోనే ఉంది కిటుకంతా. అంటుకునే కొసతో మొదలుపెడితే బొటనవేలు దూర్చే ఉంగరం చివరికి పైన మిగులుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఉంగరం దగ్గరే మొదలుపెడతారు. తీరా పోటీనాడు చూస్తే ఉంగరం ఎక్కడో చుట్ట కడుపులో ఉంటుంది. అయిదు గజాలూ నేలమీద పరిచి మళ్లీ మొదటికి రావాలి. "పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంది నాయనా," అనేది ఆమె అలాంటివాళ్లను చూసి.

బకెట్టు ఎడమచేత్తో ఎత్తి హాలు వెనక పెరట్లోకి నడిచింది. రెండు ఇనపస్తంభాల మధ్య ఆరేసే తీగ. ఒకప్పుడు అది ఆమె తలకన్నా జానెడు పైన ఉండేది. రెండేళ్ల కిందట తడిసిన చాప ఎత్తబోతే కుడి భుజంలో ఏదో పటుక్కుమంది. ఆనాటి నుంచి ఆ చెయ్యి ఛాతీ దాటి లేవదు. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు అందరికన్నా ముందు వచ్చి తీగను నాలుగు వేళ్లు దించి కట్టింది. నెల పోయాక మరో నాలుగు వేళ్లు. అలా దిగీ దిగీ తీగ ఆమె గడ్డం దగ్గరికి వచ్చి ఆగింది. పొడుగు కుర్రాళ్లు దాని కింద వంగి వెళ్తారు. తీగ మొదట్నుంచీ అంతే ఉందనుకుంటారు.

ఇంట్లోనూ ఇదే తంతు. పై అరలోని డబ్బాలు ఒక్కొక్కటే కింది అరలోకి దిగాయి.

"డబ్బాలన్నీ కిందికొచ్చాయేంటి అత్తయ్యా?" అని కోడలు అడిగింది ఒకసారి.

"పాపం, ఎలకలు ఎంతని ఎక్కుతాయే," అంది ఆమె.

గోడ అవతల బెంచీమీద అప్పటికే సభ మొదలైంది. రిటైరైన బస్సు కండక్టరు, గడియారాలు బాగుచేసే ఆయన, మాంసం కొట్టతను. ముగ్గురిలో ఎవరూ జన్మలో గ్లౌజు తొడగలేదు, ఒక్క పోటీ కూడా వదల్లేదు. ఆదివారం ఈ హాలు కుర్రాడు పాయింట్ల మీద ఓడాడు. గుద్దేటప్పుడు ముక్కుతో బుసకొడతాడని వాడిని గుర్రం అంటారు. ఓడి రింగు దిగుతూనే, మూడు వారాల నుంచి కుడి మణికట్టు బాగాలేదని పదిమంది ముందు అన్నాడు. అప్పటి నుంచి ఊళ్లో ఇదే చర్చ.

"ఆడలేక మద్దెల ఓటిదన్నాడట," అన్నాడు కండక్టరు. "రెండు పడేసరికి వాడికి మణికట్టు గుర్తొచ్చింది."

"వాపుందని డాక్టరే చెప్పాడు," అన్నాడు గడియారాలాయన. "కాకపోతే అది పోటీకి ముందుదా, పోటీలో తగిలిందా? ముందు అది తేల్చండి."

"చెయ్యి బాగాలేనివాడు రింగెక్కడం దేనికి?"

"ఎక్కకపోతే పిరికివాడంటావు. ఎక్కి ఓడితే సాకంటావు," అన్నాడు మాంసం కొట్టతను. "వాడేం చేస్తే నచ్చుతుందయ్యా నీకు?"

"గెలవమను!"

ముగ్గురూ నవ్వారు. పట్టీ దులుపుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"అన్నయ్యా," అంది గోడమీదుగా, "నిరుడు క్యారమ్స్‌లో ఓడిపోయి వేలికి ముల్లు గుచ్చుకుందన్నది ఎవరు?"

"అది నిజంగా గుచ్చుకుంది చెల్లెమ్మా!"

"మరి మేమెవరమూ చూడలేదే."

మాంసం కొట్టతను బెంచీ చరిచి నవ్వాడు. కండక్టరు తన వేలికేసి చూసుకున్నాడు.

ఆమె మాత్రం నవ్వలేదు. కుర్రాడి మణికట్టు సంగతి ఆమెకు తెలుసు. పోటీకి పంతొమ్మిది రోజుల ముందు వాడు పట్టీల జత ఆమె ఒళ్లో పెట్టి, "పిన్నీ, నావి విడిగా ఉతుకు. నొప్పిమందు వాసన తగిలితే మాస్టారు రింగెక్కనివ్వరు," అన్నాడు. కుడిచేతి పట్టీలో మణికట్టు మీదికి వచ్చే మేర పసుప్పచ్చటి మందు మరక. ఆమె తీగ వంక ఒకసారి చూసి సరేనంది. పంతొమ్మిది రోజులూ విడిగానే ఉతికింది.

హాల్లో తలుపు పక్కన నల్లబల్ల ఉంది. దానిమీద అందరి పేర్లు. పొద్దున పట్టీ చుట్టుకునేముందు ఎవరికి ఎక్కడ నొప్పి ఉన్నా పేరు పక్కన సుద్దతో అడ్డగీత పెట్టాలి. నొప్పి దాచి రింగెక్కినవాడికి రెండు నెలలు ప్రవేశం లేదు. అబద్ధం చెప్పి హాలు పరువు తీసినవాడి పేరు బల్లమీద నుంచి చెరిపేస్తారు. చెరిపిన పేరు మళ్లీ రాయరు. సాయంత్రం అయిదింటికి గుర్రం పేరు చెరిపేస్తానని మాస్టారు పొద్దున్నే చెప్పేశారు. ఫర్నిచరు షాపులో బీరువాలు మోసి వాడు నేరుగా ఇక్కడికి వస్తాడు. ఎనిమిదేళ్లుగా వాడికి ఈ గుమ్మం తప్ప మరో గుమ్మం తెలీదు.

మధ్యాహ్నమంతా ఆమె గోడకు ఆనుకుని కూర్చుని తొడమీద పట్టీలు చుట్టింది. చుట్ట బిగువుగా ఉండాలి, గట్టిగా ఉండకూడదు. చెప్తే వాడు నిలబడతాడు. కానీ దాచడంలో తన చెయ్యి కూడా ఉందని తేలుతుంది. ఒక దాపరికం బయటపడ్డాక రెండోది ఎన్నాళ్లుంటుంది? డెబ్బై ఎనిమిది పట్టీలు చుట్టింది. గుర్రం జత మాత్రం చుట్టలేదు.

అయిదింటికి మాస్టారు తడిగుడ్డ పట్టుకుని బల్లముందు నిలబడ్డారు. ఏనాడో చితికిన ముక్కు, మెడలో విజిలు. కుర్రాళ్లంతా గోడవెంట నిలబడ్డారు. గుర్రం తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఆమె వైపు చూడలేదు, చెప్పమని అడగలేదు.

"గీత లేదు," అన్నారు మాస్టారు. "గీత లేనివాడికి నొప్పి లేదు. ఓడాక పుట్టిన నొప్పి నొప్పి కాదు."

"మాస్టారూ, ఆ గుడ్డ కాస్త ఆపండి."

ఆమె రెండు పట్టీలూ నేలమీద పక్కపక్కన పరిచింది. ఎడమచేతిది తెల్లగా ఉంది. కుడిదానికి నడుమ మూరెడు మేర పాతబడిన పసుపు మరక, ఎన్ని ఉతుకులకూ పోనిది.

"ఇది ఒక్కరోజు మరక కాదు. పంతొమ్మిది రోజులు ఈ చేతుల్తోనే ఉతికాను. వాడు గీత పెట్టలేదు, తప్పే. అబద్ధం మాత్రం ఆడలేదు."

మాస్టారు వంగి మరకను వేలితో రుద్ది వాసన చూశారు. చాలాసేపటికి లేచారు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"వాడు దాచమన్నాడు, దాచాను."

"అయితే చెరపను. దాచినందుకు రెండు నెలలు బయట," అన్నారాయన గుర్రం వైపు తిరిగి. వాడు తల ఊపాడు. కళ్లు తుడుచుకోవడానికి బాగాలేని చెయ్యే ఎత్తి, ఉలిక్కిపడి దించుకున్నాడు.

"మరి నాకు?" అంది ఆమె.

"మీకేంటమ్మా?"

"నేను రెండేళ్ల నుంచి దాస్తున్నాను. ఈ భుజం లేవదు. పెరట్లో తీగ దించింది నేనే. మూరెడు."

ఒకరిద్దరు కుర్రాళ్లు అప్రయత్నంగా తలలు తడుముకున్నారు.

"మీరేమన్నా బాక్సరా?" అన్నారు మాస్టారు, మెల్లగా. "మీకీ రూలేంటి? కూర్చోండి. ఆ పని ఇంకెవరైనా చూస్తారు, మీరు ఊరికే వచ్చి కూర్చోండి."

"ఊరికే కూర్చోబెడతారనే కదా ఇన్నాళ్లూ చెప్పంది! బల్లమీద పేరున్నవాళ్లకేనా నొప్పులు? ఈ భుజంతోటే ఉతికాను. ఒక్కనాడు ఒక్క పట్టీ తడిగా ఇచ్చానేమో అడగండి. ఒక్క ఉంగరం లోపలికి పోయిందేమో అడగండి."

ఆమె సుద్దముక్క ఎడమచేత్తో అందుకుంది. బల్ల అడుగున, తన చెయ్యి హాయిగా అందేచోట, వంకరటింకర అక్షరాలతో తన అసలు పేరు రాసింది. పక్కన అడ్డగీత పెట్టింది. కుర్రాళ్లు ఆ పేరు చదవడం అదే మొదలు.

"నాకూ రెండు నెలలు. వాడికో న్యాయం, నాకో న్యాయం వద్దు."

నేలమీది జతను తీసుకుని అక్కడే కూర్చుని చుట్టింది, ఉంగరాలు పైకి వచ్చేలా. గుర్రం చేతిలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

తర్వాత పనికి వచ్చినతను ఉంగరం లోపలికి పెట్టే చుట్టాడు. కుర్రాళ్లు మూడు రోజులు తిట్టుకుని, నాలుగోరోజు నుంచి ఎవరి పట్టీ వాళ్లే చుట్టుకోసాగారు. బెంచీమీద కండక్టరు ఇప్పుడు మరో ఓటమి గురించి వాదిస్తున్నాడు. మాట మధ్యలో ఒక్కోసారి గోడవైపు చూసి గొంతు తగ్గిస్తాడు.

రెండు నెలలకు గుర్రం వచ్చాడు. ఆమె రాలేదు. పెరటి తలుపు తాళంచెవి ఇవ్వడానికి కోడలు వచ్చింది.

"భుజం ఇక లేవదని చెప్పేశారండి డాక్టరు. అత్తయ్య ఇక రానని చెప్పమంది," అంది. వెళ్లబోతూ ఆగి, "నోరు మాత్రం బ్రహ్మాండంగా లేస్తోంది," అని నవ్వింది.

ఆ సాయంత్రం మాస్టారు పట్టుకారు తీసుకుని పెరట్లోకి వెళ్లారు. స్తంభం దగ్గర తీగ ముడి సగం విప్పారు. కాసేపు అలాగే నిలబడి, విప్పినంతా తిరిగి బిగించి వచ్చేశారు. పొడుగు కుర్రాళ్లు ఇప్పటికీ గుద్దు తప్పించుకున్నట్టు తల వంచే దాటుతారు. తీగ ఆమె గడ్డం ఎత్తునే ఉంది, పట్టీల నీళ్లు బొట్లుబొట్లుగా రాలుస్తూ.