ముసలమ్మ మింగిన కెమెరా

డాక్టరు ముసలమ్మ కంటి కింది రెప్ప లాగి చూశాడు. తను వంజరం మొప్ప ఎత్తి చూసినట్టే ఉందనుకుంది ముసలమ్మ. ముప్పై ఏళ్ళుగా ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముతున్న మనిషి. మొప్ప పాలిపోయిన చేపకి బేరం రాదని ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆర్నెల్లుగా ఒంట్లో రక్తం ఎటు పోతోందో ఎవరికీ అంతుపట్టలేదు. పైనుంచి గొట్టం వేశారు, కిందనుంచి వేశారు, ఏమీ దొరకలేదు. ఆఖరికి పదిహేను రోజుల కిందట పెద్ద మాత్రంత కెమెరా మింగించి, నడుముకి బెల్టు కట్టి, సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. దారి పొడుగునా ఫొటోలు తీసుకుంటూ పోయి రెండు మూడు రోజుల్లో అదే బయటికొచ్చేస్తుందన్నారు.

రాలేదు. రోజూ పొద్దున్నే కోడలు సత్యశ్రీ బాత్రూం తలుపు దగ్గర నిలబడి "వచ్చిందా అత్తా?" అనడం, లోపల్నుంచి ముసలమ్మ "నీ మొగుడు కూడా నన్నింత ఏపించనేదే, పుట్టినప్పుడు!" అనడం.

ఇవాళ ఎక్స్‌రేలో కనబడింది. పొట్టలో కుడి పక్కన, చింతగింజలా.

"ఇక్కడ పేగు బిగుసుకుపోయిందమ్మా, పక్కనే పుళ్ళు. నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే ఇలా అవుతుంది. వాడతారా?"

"సుట్ట తప్ప నాకింకో పాపం నేదు బాబూ."

మొదటిసారి అడిగినప్పుడూ ఇదే మాట. చిన్న తప్పు ఒప్పుకుంటే పెద్దది అడగరని ఆమె నమ్మకం. రొంటిన వక్కల డబ్బాలో మందుల షాపువాడు చుట్టిచ్చిన పొట్లం ఉంది. పూటకి రెండు పడకపోతే మోకాళ్ళు లేవవు. మోకాళ్ళు లేవకపోతే తెల్లారేసరికి జెట్టీ మీద చేపల వేలంపాటలో నిలబడలేదు. ఇంట్లో మూల కూర్చుని టీవీ చూడాలి. అంతకంటే చావు నయం.

డాక్టరు కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు. ఆ రోజు కెమెరా తీసిన ఫొటోలో ఎర్రటి తడి సందు. సందు మొదట్లో సగం కరిగిన మాత్ర ముక్క.

"ఆ రోజు ఏమీ మింగొద్దన్నాం కదమ్మా."

"ఇదేటి అత్తా?" అంది పక్కన నిలబడ్డ సత్యశ్రీ.

ముసలమ్మ బొమ్మలోకి వంగి చూసింది. బేరంలో తేలిపోయిన మొహం పెట్టింది.

"ఇప్పుడు కూడా సూస్తందా అది?"

"లేదమ్మా, బ్యాటరీ ఆ రోజే అయిపోయింది."

"మాత్రలు ఒగ్గేత్తే వచ్చేత్తాదా?"

"వాపు తగ్గితే రావచ్చు. ఒక నెల చూద్దాం. రాకపోతే కోసి తీయాలి. మానకపోతే ఎలాగూ కోయాలి."

"కోత్తే ఎన్నాళ్ళు హార్బర్ ఎల్లకూడదు?"

"రెండు నెలలు. బరువులైతే ఇంకా ఎక్కువ."

ముసలమ్మ రొంటి నుంచి డబ్బా తీసి, పొట్లం బల్ల మీద పెట్టింది.

ఆ నెలంతా ఐస్ పెట్టె తిరగేసి దాని మీద కూర్చుని పాట పాడింది. లేవడానికి పక్కావిడ సింహాద్రి భుజం పట్టుకునేది. "కూకున్న మహారాణీ" అని సింహాద్రి ఎగతాళి చేస్తే, "కడుపుతో ఉన్నానే, లెగనేను" అనేది. ఇరవై రెండో రోజు కెమెరా వచ్చింది. కడిగి, డబ్బాలో పెట్టి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన నవ్వి పారేయమన్నాడు.

పారేయలేదు. మోకాళ్ళు పోటెత్తిన పొద్దుల్లో చెయ్యి అలవాటుగా రొంటికి పోతుంది. మూత తీస్తే లోపల్నుంచి గాజు కన్ను చూస్తుంది. మూత పెట్టేసి, "ఓలమ్మీ, బుజం ఇయ్యే" అంటుంది.