రెండో ఇరుసు

"చెప్పులు విప్పి ఎక్కు. వాటి బరువు కూడా బండే మొయ్యాలి" అన్నారు మా ఆయన.

ఏటుకూరు రోడ్డులో మా మిరపకాయల గోడౌన్‌లో, ముప్ఫై ఏళ్ళుగా బస్తాలు తూస్తున్న కాటా మీద, ఆ మధ్యాహ్నం మమ్మల్ని తూస్తున్నారు. మా అత్తయ్య రాఘవమ్మ గారిని అప్పటికే తూచేసి పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. మిగతా చుట్టాలు ఎవరి బరువు వాళ్ళు ఫోన్‌లో చెప్పారు. గ్యాస్ సిలిండర్లు, ఫ్రిజ్, పడకలు, జనరేటరు, నా గ్రైండరు, నా పప్పు డబ్బాలు, అన్నీ ఒక్కొక్కటే కాటా ఎక్కి దిగాయి. పుస్తకంలో రాస్తున్నది నేను. చివరికి మిగిలిందీ నేనే.

మోటర్‌హోమ్ అనే మాట మా ఇంట్లోకి వచ్చి నాలుగు నెలలైంది. మా ఆయన అంకమ్మరావు గారు మిర్చి కమీషన్ వ్యాపారి. ఎవరో ఇల్లంత బస్సులో దేశం తిరుగుతుంటే ఫోన్‌లో చూశారు. అంతే, తనూ ఒక పెద్ద బస్సు ఛాసిస్ కొని, దాని మీద ఇల్లు కట్టించి, వినుకొండ ఆడబిడ్డ వాళ్ళనీ, పర్చూరు పెదమావయ్య వాళ్ళనీ కలుపుకుని పద్నాలుగు మందితో కాశీ, పూరీ, హరిద్వారం వెళ్ళాలన్నారు. ముప్ఫై రెండు రోజులు. "నీకేం ఇబ్బంది లేదు. నీ వంటిల్లు నీతోనే వస్తుంది" అని నాకు వరమిచ్చినట్టు చెప్పారు. ఆ మాట విని ఆడబిడ్డ "వదినంత అదృష్టవంతురాలు లేదు" అంది. కదిలే బండిలో పద్నాలుగు మందికి మూడు పూటలా వండిపెట్టే అదృష్టం. నేనూ నవ్వాను. నవ్వడం నాకు బాగా వచ్చు.

బండి కట్టేది పీరు మేస్త్రి. ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. వారం కిందట మా వరండాలో కూర్చుని విషయం విడమర్చి చెప్పాడు.

"ఇంత పొడుగు బండికి బరువంతా వెనకే పడుద్ది సార్. వెనక ఒకటే ఇరుసు ఉంచితే ఆరు చక్రాల బండి. దానెనకాల ఇంకో ఇరుసు వేస్తే ఎనిమిది. ఒక్క ఇరుసు మోసే బరువుకి ఒక హద్దుంది. అది దాటితే ఆర్టీవో ఆఫీసులో పాస్ చెయ్యరు. రెండోది వేస్తే బాత్రూం పెట్టొచ్చు, దానికి నీళ్ళ ట్యాంకు పెట్టొచ్చు. రెండోది వద్దంటే బాత్రూం తీసెయ్యాలి. నీళ్ళంత బరువు ఇంకోటి లేదు సార్."

"ఊరికే ఇంకో రెండు చక్రాలు ఈడ్చుకుంటూ తిరగాలా? మన సందులో మలుపు తిరగొద్దూ? బాత్రూం తీసెయ్" అన్నారు మా ఆయన.

"అంతేరా. మేం ఎడ్లబండ్ల మీద కోటప్పకొండ తిరణాలకి పోలా? ఆడాళ్ళు చెంబట్టుకుని ఎటన్నా పోయొస్తారు" అంది అత్తయ్య.

దాంతో అయిపోయింది. నన్నెవరూ అడగలేదు. నేను కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి వచ్చి, సింకు పట్టుకుని నిలబడ్డాను. పీరు మాత్రం వెళ్ళబోతూ, "ఎందుకైనా మంచిది, ఎక్కే ప్రతిదీ తూచి రాయండి సార్. ఆ కాయితం చూసి ఖాయం చేద్దాం" అన్నాడు. ఈ తూకం అందుకే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మా అమ్మాయి హారిక పుట్టి ఇరవై నాలుగేళ్ళైంది. ఆ కాన్పు ఫిబ్రవరిలో, మిరప కోతల్లో. "మేం పదో రోజుకి చేలో ఉన్నాం" అని అత్తయ్య అంటే నేను పన్నెండో రోజున పొయ్యి దగ్గరికి వెళ్ళి నలభై మంది కూలీలకి అన్నం గుండిగలు దింపాను. మూడో గుండిగ దించుతుంటే లోపల ఏదో జారినట్టయింది. అప్పట్నించీ దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా నాకు ఒంటేలు ఆగదు. మిరపకాయల వ్యాపారం చేసే ఇంట్లో దగ్గకుండా ఎవరుంటారు? సీజన్‌లో ఘాటుకి ఊరంతా దగ్గుతుంది. నేను ఊపిరి బిగబట్టి, కాళ్ళు దగ్గరికి నొక్కుకుని, లోపల గుడ్డలు మడిచి పెట్టుకుని, ముదురు రంగు చీరలు కట్టుకుని నెట్టుకొచ్చాను. పెళ్ళిళ్ళకి వెళ్తే ముందు రోజు నుంచే నీళ్ళు తాగను. ఒకసారి ధైర్యం చేసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎదురుగా కూర్చున్నాక నోరు రాలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పి బిళ్ళలు తెచ్చుకున్నాను. నాలుగేళ్ళ కిందట పర్చూరు పెళ్ళికి వెళ్తుంటే కారులో మా ఆయన ముక్కు ఎగబీల్చి, "ఏంటీ వాసన? పిల్లిగానీ దూరిందా?" అన్నారు. "పిల్లే అయ్యుంటుంది" అన్నాను. ఆ సాయంత్రమే ఆయన మా పెరట్లో తిరిగే పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరి బయట వదిలించారు. అది మళ్ళీ రాలేదు. ఇప్పటికీ సాయంత్రాలు దాని పాలగిన్నె పెట్టిన చోటు చూడాలంటే నాకు చిన్నతనంగా ఉంటుంది.

ఇంట్లో ఈ సంగతి తెలిసింది ఒక్క ఎలీసమ్మకే. పొద్దున మా ఇంట్లో బట్టలు ఉతుకుతుంది, తర్వాత గోడౌన్‌లో కాయల తొడిమలు తీస్తుంది. పదకొండేళ్ళుగా నా లోగుడ్డలు ఉతుకుతున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఒక్కనాడు కూడా ఆ మాట ఎత్తలేదు. వాటిని మాత్రం పెరట్లో నలుగురూ చూసే తాడు మీద కాక, వెనక గోడవతల విడిగా ఆరేసేది. నాకు మేలు చేశావని నేను ఎప్పుడూ అనలేదు. అంటే ఒప్పుకున్నట్టవుతుందని.

బాత్రూం లేని బండిలో, ఆ పద్నాలుగు మంది మధ్య, ముప్ఫై రెండు రోజులు. ఆ వారమంతా నాకు ఇదే ఆలోచన. బండి ఆపమని ఎన్నిసార్లు అడగను? ఎందుకని అడిగితే ఏం చెప్పను?

కాటా ఎక్కాను. ఎర్ర అంకెలు డెబ్బై నాలుగు చూపించాయి. "చూశావా, బస్తాకి తీసిపోదు" అని మా ఆయన నవ్వారు. ఇద్దరు హమాలీలు మర్యాదకి మొహాలు తిప్పుకున్నారు. "తరుగు రెండు తీసి డెబ్బై రెండు రాయి" అన్నారు. గోతానికీ, కాయల్లో చెమ్మకీ కలిపి మా గోడౌన్‌లో ప్రతి తూకానికీ రెండు కిలోలు తీసి రాయడం అలవాటు. రైతుల సరుకు తూచి తూచి ఆయన నోటికి ఆ మాట, నా చేతికి ఆ రాత అలవాటైపోయాయి. పొద్దున్నుంచీ సిలిండర్లకీ, పడకలకీ, అత్తయ్యకీ కూడా తీసి రాశాం. అది తప్పని ఇద్దరికీ తట్టలేదు.

పుస్తకం కాటా పెట్టె మీద పెట్టి రాయబోతుంటే, పక్క వరసలో హమాలీ ఒక బస్తా దభీమని దించాడు. ఎర్రటి దుమ్ము లేచి గొంతులోకి పోయింది. ఆపుకున్నాను. రెండుసార్లు ఆపుకున్నాను. మూడోసారి నా వల్ల కాలేదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. వెచ్చగా కాళ్ళ వెంట కారి కాటా బల్ల మీద పడింది. ఇనప రేకు కదా, ఇట్టే తెలుస్తుంది. భూమి చీలితే బాగుండును అనిపించింది.

అప్పుడు పక్కనే తొడిమలు తీస్తున్న ఎలీసమ్మ లేచి వచ్చింది. "నీళ్ళు తాగండమ్మా" అంటూ సీసా మూత తీసి, నా చెయ్యి దగ్గరికి తెచ్చి, కాటా మీద పారబోసింది. "అయ్యో, జారిందమ్మా" అంది. సీసా సగానికి పైగా ఖాళీ అయింది. నా పాదాలు, చీర అంచు, బల్ల, అన్నీ తడిసిపోయాయి.

మా గోడౌన్‌లోకి నీళ్ళ సీసా తేకూడదు. ఒక్క బస్తాకి చెమ్మ తగిలితే వరసంతా బూజు పడుతుంది. సీసాలన్నీ గేటు దగ్గర పెట్టి రావాలి. ఆమెకి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

"నీకు బుద్ధుందా? లోపలికి సీసా ఎందుకు తెచ్చావ్? పదకొండేళ్ళుగా చేస్తున్నావ్, గడ్డి తింటున్నావా?" అని మా ఆయన అరిచారు. ఎలీసమ్మ తల వంచుకుని నిలబడింది. "రేపట్నించి రావద్దు. ఇంటికీ వద్దు, ఇక్కడికీ వద్దు. పో" అన్నారు. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపులో అడగడం ఏమీ లేదు, చెప్పడానికి సమయం ఇచ్చినట్టు మాత్రం ఉంది. నేను పుస్తకంలోకి చూశాను. ఆమె తన చాట, సంచీ సర్దుకోవడానికి వెళ్ళింది.

ఆ సమయానికే పీరు మేస్త్రి వచ్చాడు. "మొత్తం ఎంతొచ్చిందమ్మా?" అన్నాడు. తడి చీరతోనే స్టూలు మీద కూర్చుని అంకెలన్నీ కూడాను. బాత్రూం లేకుండా, ఒక్క ఇరుసుకి, హద్దుకి తొంభై కిలోలు తక్కువగా వచ్చింది. "చెప్పలా?" అన్నారు మా ఆయన. అప్పుడు నా కళ్ళకి ఆ తరుగు కనిపించింది. నూట ముప్ఫై నాలుగు తూకాలు. ఒక్కోదానికి రెండు. రెండు వందల అరవై ఎనిమిది కిలోలు మేం గాలిలో కలిపేశాం.

"ఏవండీ, అన్నిటికీ తరుగు తీసి రాశాం" అన్నాను.

"అయితే?"

"బండికి తరుగేంటి సార్" అన్నాడు పీరు నవ్వాపుకుంటూ. "అదంతా కలపాల్సిందే. బాత్రూం లేకపోయినా హద్దు దాటింది. రెండో ఇరుసు తప్పదు. ఎటూ అది వేస్తున్నాం కాబట్టి బాత్రూం, నీళ్ళ ట్యాంకు పెట్టేస్తా."

మా ఆయన గొణిగి, చివరికి "సరే, ఏడువు" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే. వారం రోజులుగా నన్ను నిద్రపోనివ్వని భయం అర నిమిషంలో తీరిపోయింది. నా సంగతి ఎవరికీ తెలియలేదు. కారణం చెప్పాల్సిన పనే రాలేదు. గుండె మీంచి బరువు దిగినట్టయింది, నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది. ఆ సంతోషంలోనే తలెత్తి చూశాను. ఎలీసమ్మ చాట చంకన పెట్టుకుని గేటు వైపు నడుస్తోంది.

నాకు పిల్లి గుర్తొచ్చింది. నేను దాచుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు ఊరి బయటికి పోతున్నారు. నా ఒళ్ళు చేసిన దానికి నేనేం చేయగలను? కానీ ఈ నోరు మూసుకోవడం నా పనే. ఇరవై నాలుగేళ్ళుగా నేను సిగ్గుపడాల్సిన చోట కాక వేరే చోట సిగ్గుపడ్డాను.

"ఎలీసమ్మా, ఆగు" అన్నాను. పీరు ఉన్నాడు, హమాలీలు ఉన్నారు, అత్తయ్య కుర్చీలో ఉంది. మా ఆయన వైపు తిరిగాను. "కాటా తడిపింది ఎలీసమ్మ కాదండీ. నేను. దగ్గొస్తే నాకు ఒంటేలు ఆగదు. హారిక పుట్టినప్పట్నించీ ఆగదు. నన్ను కాయడానికి ఆమె నీళ్ళు పోసింది. ఆ రోజు కారులో కూడా పిల్లి కాదు, నేనే."

పీరు నేల చూశాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన ఏదో అనబోయి ఆగి, "అంతమందిలో ఏంటా మాటలు" అన్నారు, నెమ్మదిగా.

"ఆమెని అంతమందిలోనే పొమ్మన్నారుగా" అన్నాను. "రేపు ఎలీసమ్మ పనిలోకి వస్తుంది."

ఎలీసమ్మ గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చి, చాట కింద పెట్టి, నా మొహంలోకి చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆ మాట ఇందాకే అనాల్సిందమ్మా" అంది.

"అవును" అన్నాను.

ఆమె తుడవడానికి గోనెపట్టా అందుకోబోయింది. ఆమె చేతిలోంచి తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, కాటా బల్ల నేనే తుడిచాను. ఆ ఘాటుకి మళ్ళీ దగ్గొచ్చింది. ఆపుకోలేదు.