రెండు గరిటెల నెయ్యి

జులై పన్నెండు, అరవై ఎనిమిది, శుక్రవారం, ముద్దపప్పు, వంకాయ వేపుడు, నెయ్యి రెండు గరిటెలు, మరిచిపోదామన్నా పోదు, ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి అశోకుడి శాసనాలు చెబుతుంటే కడుపులో మెలి తిరిగింది, సుద్దముక్క చేతిలో ఉండగానే పరిగెత్తాను, బడి వెనక గోడదాకా కూడా వెళ్లలేకపోయాను, యాభై రెండేళ్లవాణ్ని, బి.ఏ. చదివినవాణ్ని, పంచె పాడుచేసుకుని నిలబడ్డాను, బంట్రోతు హజరత్తయ్య రెండు బిందెలు నీళ్లు పోసి, బాయికాడ జారిపడినారని చెప్తాలే అయ్యవారూ అన్నాడు, నవ్వనైనా నవ్వలేదు, ఆ అబద్ధానికి అతనికి ఏమివ్వగలను.

గూడూరు డాక్టరు పరంజ్యోతిగారు కాగితం మీద పేగు బొమ్మ గీశారు, మద్రాసు ఆపరేషనులో మీకు తీసేసిన చిన్నపేగు కొస ఉందే, పిత్తరసాన్ని వెనక్కి పీల్చుకునేది అదే, ఇప్పుడా రసం పెద్దపేగులోకి జారి విరేచనం చేస్తోంది, పూర్తిగా నయమయ్యేది కాదు, నూనె, నెయ్యి తగ్గిస్తే నెమ్మదిస్తుంది, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తినండి, ఇంతే, ఈ చిన్న మాట మూడు వారాలుగా అక్కతో అనలేకున్నాను, నా భార్య చెంచులక్ష్మి చనిపోయిన నెలకే కోట ఊరి నుంచి గేదెను తోలుకుని వచ్చేసిన అక్క, నాకోసమే వెన్న కాచే అక్క, తన కంచంలో చుక్కైనా వేసుకోదు, కోసిన పేగు నెయ్యి లేకుండా ఎట్టా అతుక్కుంటది అబ్బయా, మొహం చూడు ఎండుచేప మాదిరి ఉండాది, అంటుంది, నెయ్యే నా జబ్బంటే నా చేత్తో నేనే పెట్టినానా అని కుమిలిపోతుంది, చెప్పకపోతే ఉద్యోగం పోతుంది, ఇంకోసారి పాఠం మధ్యలో లేస్తే సెలవు పెట్టి ఇంట్లో కూర్చోండి అని హెడ్మాస్టరుగారు మొన్ననే అన్నారు, రేపు సోమవారం.

ఈ పూటా అదే, గరిటె కంచం మీదికి వచ్చింది, వద్దక్కా అనబోయి కంచం ముందుకు జరిపాను, తిన్నాను, ఇప్పుడు పడుకుని కడుపు మీద చెయ్యి వేసుకుని కాచుకున్నాను, పెరటివైపు లాంతరు వెలుగు, అక్క గడప అవతల చెంబు నిండా నీళ్లు పెడుతోంది, పక్కన ఉతికిన పంచె, కుక్కలొస్తాయని పెరటి తలుపుకు పట్టపగలే గడియ వేసే మనిషి, ఈ మూడు వారాల్లో రాత్రుళ్లు పెరట్లోకి పరిగెత్తినప్పుడు నేను ఒక్కసారైనా గడియ తీయాల్సి వచ్చిందా, లేదు, అంటే దాచుకుంటున్నది నేనొక్కణ్నే, తనకు అంతా తెలుసు, నెయ్యి సంగతి తప్ప, అది చెప్పాల్సింది నేనే, పొద్దున కంచం ముందు కూర్చోకముందే, అక్క లాంతరు ఒత్తి తగ్గించింది, పెరటి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది, గడియ పెట్టలేదు.