వియ్యంకుడు చేసిన పడవ

కొత్త పడవను లారీ మీద నుంచి దించిన రోజే ఓబులేసు చేయకూడని పని ఒకటి చేశాడు. వేలి కణుపుతో దాని పొట్ట మీద కొట్టి చూశాడు.

పాపం, ఆయన తప్పేమీ లేదు. అది వృత్తి పెట్టిన అలవాటు. ఓర్వకల్లు దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్న మనిషి, దేన్ని చూసినా కొట్టి చూడకుండా చేయి ఊరుకోదు. మంచి బండ ఖంగుమంటుంది, లోపల పగులున్నది దబ్బుమంటుంది. ఈ పడవ ముందు భాగమంతా బాగానే పలికింది గానీ, వెనక అడుగున, చుక్కాని దగ్గర మాత్రం తడిసిన డప్పులా పలికింది. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి దిగినట్టు కూడా అనిపించింది. పక్కనే నిలబడి చూస్తున్న వియ్యంకుడు ధనుంజయ మొహం మాడిపోయింది.

మాడదా మరి? ఆ పడవ చేసింది ధనుంజయే. కడపలో ఆయనకు ఫైబర్ నీళ్ళ ట్యాంకుల ఫ్యాక్టరీ ఉంది. రిజర్వాయరులో బోటింగు నడపడానికి ఓబులేసుకు అనుమతి వచ్చిందని తెలియగానే, ఎక్కడో కొనడమెందుకు బావా, తెరచాప పడవ నేనే చేసిస్తాను, నా మొదటి పడవ నీకే అన్నాడు. ట్యాంకుకు నీళ్ళు లోపలుండాలి, పడవకు బయటుండాలి, అంతకు మించి తేడా ఏముందని ఆయన ధీమా. తెలియని పనిలో మనుషులకు ధైర్యం అలాగే వస్తుంది.

దాన్ని మొదటిసారి నీళ్ళ మీద నడిపేది ధనుంజయ కొడుకు భూపేష్. హైదరాబాదు వెళ్ళి తెరచాప నడపడం నేర్చుకుని వచ్చాడు. పక్కన కూర్చునేది అతని భార్య సాహితి. ఓబులేసుకు ఉన్నది ఆ ఒక్క కూతురే. కొత్తగా ఏ పని మొదలుపెట్టినా కొత్త దంపతుల చేత మొదలుపెట్టించడం రెండిళ్ళ ఆనవాయితీ కూడాను. పడవ మునిగితే మునిగింది, పీడా పోయె. అందులో పిల్ల ఉంటుందే! ఆ తలపు వచ్చినప్పటి నుంచి ఓబులేసుకు అన్నం సయించలేదు.

కొత్త పడవలను పరీక్షించి మంచీచెడ్డా చెప్పే సర్వేయర్లు ఉంటారని ఎవరో చెబితే, వెతికి వెతికి కృష్ణపట్నంలో ఒకాయన నంబరు పట్టాడు. కొత్తదానికి కూడా పరీక్ష కావాలా అని అడిగాడు. పాతది ఇన్నేళ్ళు తేలి తన సంగతి తానే చెప్పుకుంటుంది, కొత్తదాని సంగతే ఎవరైనా చూసి చెప్పాలి అని ఆయన నవ్వాడు. ఒక్క పూట చాలు, వచ్చి చూసి పోతానన్నాడు.

ఈ మాట చెవిన పడగానే ఓబులేసు భార్య నాగలక్ష్మమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. వియ్యంకుడు చేసినదానికి బయటివాణ్ణి పిలిచి పరీక్ష పెడతారా ఎవరైనా? వాళ్ళు పెట్టిన బంగారాన్ని వాళ్ళ ముందరే గీటురాయి మీద రుద్దినట్టు కాదా? మనం అని వచ్చేస్తాం, రేపటి నుంచి ఆ ఇంట్లో ఎత్తిపొడుపులు పడేది పిల్ల కదా అంది.

అయినా ఉండబట్టలేక ధనుంజయ దగ్గర చుట్టూ తిప్పి ఒక ముక్క అన్నాడు. పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు కూడా ఎవరికో ఒకరికి చూపించుకుంటారంట బావా, ఊరికే కాగితాల కోసం అని. ధనుంజయ కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటేనే బాగుండేది.

"నీకు అనుమానముంటే చెప్పు బావా, ఇప్పుడే లారీ పిలిపిచ్చి ఎనక్కి తీసకపోతా," అన్నాడు నిదానంగా. "మీ పిల్లను మా ఇంటికి తెచ్చుకునేటప్పుడు మేమేమన్నా పరీక్షలు పెట్టినామా?"

ఓబులేసు నవ్వాడు. ఆ సాయంత్రమే సర్వేయరుకు ఫోను చేసి, ఇప్పుడేం వద్దులే సార్ అని చెప్పేశాడు. ఆ వెంటనే కూతురికి ఫోను చేసి, తలనొప్పని చెప్పి రేపు పడవ ఎక్కకుండా ఉండు అమ్మీ అని బతిమాలాడు.

"ఆ మాట నా నోటితో చెప్పియ్యద్దు నాయనా," అంది సాహితి. "నువ్వు చెప్పలేంది నేనెట్ల చెప్తా? నేనుండాల్సింది ఈడ కదా."

మరునాడు రిజర్వాయరు గట్టు మీద షామియానా వేశారు. పడవకు పసుపు రాసి, గుమ్మడికాయ కొట్టి, తెరచాప కర్రకు నిమ్మకాయలు కట్టారు. దంపతులకు తెచ్చిన లైఫ్ జాకెట్లు వేసుకుంటే పట్టుచీర కనబడదని ఫొటోల ఆయన తీయించేశాడు. ఒక చుట్టు తిరిగి వచ్చేదానికి ఎందుకులే అని ధనుంజయ కూడా అన్నాడు. సాహితి కాలు ఎత్తి పడవలో పెట్టబోయింది. ఓబులేసుకు ఇంకేమీ తోచలేదు. గట్టిగా తుమ్మాడు.

ఒంటి తుమ్ము! పురోహితుడు మంత్రం ఆపేశాడు, సాహితి కాలు వెనక్కి తీసుకుంది. ఈ ముహూర్తం దాటితే మంచి రోజు మళ్ళీ ఇప్పట్లో లేదు. ఈలోగా ఏదో ఒక దారి దొరకకపోతుందా అని ఓబులేసుకు ప్రాణం లేచి వచ్చింది.

"ఒకటి తుమ్మి నిలబడితే ఎట్ల బావా?" అన్నాడు ధనుంజయ. "ఇంకోటి తుమ్ము. జంట తుమ్మయితే శుభమే కదా."

అంతమంది చుట్టాలు ఓబులేసు ముక్కు వైపు చూస్తూ నిలబడ్డారు. రావడం లేదన్నాడు. పురోహితుడు నవ్వుతూ మొలలోంచి నశ్యం డబ్బీ తీసి అందించాడు. వద్దంటే, మొదటి తుమ్ము కావాలని తుమ్మినట్టే అవుతుంది. వియ్యంకుడి చూపు ముక్కు మీద నుంచి కళ్ళ మీదికి వచ్చింది. ఓబులేసు చిటికెడు నశ్యం తీసుకుని పీల్చాడు, తుమ్మాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కూతురు పడవ ఎక్కింది.

గాలి బాగుంది. తెరచాప నిండి పడవ చకచకా లోపలికి పోయింది. గట్టు మీదివాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఓబులేసు మాత్రం కూతురి చేతులనే చూస్తున్నాడు. సాహితి చీర కుచ్చిళ్ళు కాస్త పైకి ఎత్తి పట్టుకుంది. ఇంకాసేపటికి ఇంకొంచెం ఎత్తింది. పడవ వెనక భాగం కిందికి వంగుతోంది.

"బావా, నీళ్ళు దిగతాండాయి," అన్నాడు ఓబులేసు.

"కొత్త కుండ గూడా మొదట్లో చెమరుస్తాది బావా," అన్నాడు ధనుంజయ. అన్నాడే గానీ, ఎత్తిన ఫోను దించేశాడు.

ఓబులేసు చెప్పులతోనే నీళ్ళలోకి దిగాడు. ఈత రాని మనిషి, నడుము లోతు వరకు పోయి ఆగిపోయాడు. అక్కడి నుంచి, వియ్యంకుడు వింటాడనీ చుట్టాలు వింటారనీ చూడకుండా, ఆ పడవ మంచిది కాదు అమ్మీ, వెనక్కి తిప్పమను అని గొంతు చించుకుని అరిచాడు. భూపేష్ తిప్పాలనే చూస్తున్నాడు, చుక్కాని ఊగుతోంది గానీ పడవ తిరగడం లేదు. సాహితి తండ్రి వైపు చూసింది, గట్టు మీది మామ వైపు చూసింది.

"ఏం లేదు నాయనా, బాగనే ఉండాది," అని కేకేసింది.

మోకాళ్ళ దాకా నీళ్ళలో కూర్చుని చెప్పింది ఆ మాట.